సిజేరియన్ కాన్పు తర్వాత తల్లిపాలు: నూజివీడు ప్రాంతం

సిజేరియన్ శస్త్రచికిత్సతో బిడ్డను కన్న తల్లి, ఆ గాయం నుంచి కోలుకుంటూనే నవజాత శిశువుకు తన పాలు పట్టడం ఈ వ్యాస విషయం. కోస్తా ఆంధ్ర పల్లెల్లో ఈ శస్త్రచికిత్సను ‘పెద్దాపరేషన్’ అంటారు. కోత పడినంత మాత్రాన తల్లికి పాలు రాకుండా పోవు. అయితే మొదటి పాలు పట్టడంలో జాప్యం, కుట్ల నొప్పి, బిడ్డను తల్లికి దూరంగా ఉంచడం, అనవసరంగా డబ్బాపాలు మొదలుపెట్టడం, ఇంటికొచ్చాక తిండీ నీళ్లూ తగ్గించే పత్యం కలిసి పాలిచ్చే ప్రయత్నాన్ని దెబ్బతీస్తాయి. వీటిలో చాలావరకు ఆసుపత్రి సిబ్బందీ కుటుంబమూ సరిదిద్దగలిగినవే.

ప్రాంతం, నేపథ్యం

నూజివీడు పట్టణం 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనలో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలో చేరింది. చుట్టూ ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల్లోనూ, పక్కనున్న రెడ్డిగూడెం, విస్సన్నపేట వైపూ మామిడి తోటలు విస్తరించి ఉన్నాయి. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు ఇక్కడి ప్రధాన రకాలు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాయ కోత, గ్రేడింగు, ప్యాకింగు పనులు ముమ్మరంగా సాగుతాయి. ఈ పనుల్లో కూలి ఆడవాళ్ల వాటా ఎక్కువ. ఏడాదిలో ఎండలు మండే కాలమూ అదే. అందుకే ఇక్కడి బాలింతల విషయంలో వేసవి తాపం, కూలి పని, మామిడిపండుపై ఉన్న పథ్యనియమాలు ప్రత్యేకంగా చర్చకు వస్తాయి.

కాన్పుకు ఇక్కడివారు నూజివీడు ఏరియా ఆసుపత్రికో, పట్టణంలోని ప్రైవేటు నర్సింగ్ హోములకో వెళతారు. పరిస్థితి క్లిష్టంగా ఉంటే విజయవాడ, ఏలూరు ప్రభుత్వాసుపత్రులకు పంపుతారు. మంత్రసాని చేతుల మీద ఇంట్లో పురుడు పోసుకునే కాలం దాదాపు ముగిసింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి.

అదే సర్వేలో రాష్ట్రంలోని మొత్తం కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు. ప్రభుత్వాసుపత్రుల్లో ఇది 26.6 శాతం ఉండగా, ప్రైవేటులో 63 శాతానికి చేరింది. తెలంగాణ సగటు 60.7 శాతం, దేశ సగటు 21.5 శాతం. సిజేరియన్లు 10 నుంచి 15 శాతానికి మించాల్సిన అవసరం ఏ ప్రాంతానికీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో బ్రెజిల్‌లోని ఫోర్తలేజా నగరంలో జరిపిన సమావేశం పేర్కొంది. 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు అదనంగా తగ్గిన దాఖలా లేదని ఆ సంస్థ 2015లో ప్రకటించింది. తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు ప్రతి రెండు, మూడు కాన్పుల్లో ఒకటైనా పెద్దాపరేషనే కాబట్టి, కోత తర్వాత పాలు పట్టడమనేది సగటు కుటుంబానికి ఎదురయ్యే విషయమైపోయింది.

పాలు ఎలా పడతాయి

గర్భం మధ్య నెలల నుంచే రొమ్ముల్లో చిక్కటి, పసుపు రంగు ముర్రుపాలు తయారవుతూ ఉంటాయి. మాయ బయటికి వచ్చాక తల్లి రక్తంలో ప్రొజెస్టెరాన్ హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది. దాంతో ప్రొలాక్టిన్ అనే మరో హార్మోను పని మొదలై, రెండు మూడు రోజుల్లో పాలు నిండుగా పడతాయి. బిడ్డ యోని మార్గం గుండా వచ్చినా, పొట్ట కోసి తీసినా, మాయ వెలుపలికి రావడం ఒకటే. అందువల్ల పాలు తయారయ్యే ప్రక్రియ రెండు సందర్భాల్లోనూ మొదలవుతుంది.

తేడా వేగంలో ఉంటుంది. బిడ్డ చప్పరించినప్పుడు తల్లి మెదడు నుంచి ఆక్సిటోసిన్ హార్మోను విడుదలై పాలు చేపుకొస్తాయి. నొప్పి, భయం, అలసట ఈ చేపును అడ్డుకుంటాయి. నొప్పులే రాకుండా ముందుగా తేదీ పెట్టుకుని చేసే ఆపరేషన్లలో, ఎక్కువ రక్తం పోయినప్పుడు, తల్లికి మధుమేహం, స్థూలకాయం లాంటివి ఉన్నప్పుడు పాలు పడడం మూడో రోజు దాటవచ్చు. 2003లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో, రెండో రోజు నుంచి ఐదో రోజు వరకు సిజేరియన్ బిడ్డలకు అందిన పాలు సహజ కాన్పు బిడ్డలకు అందినవాటికన్నా తక్కువగా ఉన్నాయి. ఆరో రోజుకు ఆ తేడా పోయింది. ‘పాలు పడలేదు’ అన్న మాట ఎక్కువగా వినిపించేదీ, డబ్బాపాలు ఇంట్లోకి వచ్చేదీ సరిగ్గా ఈ నాలుగు రోజుల్లోనే.

మొదటి రోజు బిడ్డకు ఒక్కో విడతకు ఒక చెంచాకు మించని ముర్రుపాలే అందుతాయి. పసికందు చిన్న పొట్టకు అవే సరిపోతాయి. రోగాలను అడ్డుకునే యాంటీబాడీలు వాటిలో దండిగా ఉంటాయి. ముర్రుపాలను పిండి పారబోసి, మూడో రోజుదాకా చక్కెర నీళ్లో ఆముదమో నాకించే పాత అలవాటు తగ్గినా పూర్తిగా పోలేదు.

మొదటి గంట

పుట్టిన గంటలోపు రొమ్ము పట్టించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ సిఫారసు చేస్తున్నాయి. సిజేరియన్‌కు ఇందులో మినహాయింపు లేదు. నడుముకు స్పైనల్ ఇంజెక్షన్ ఇచ్చి చేసే ఆపరేషన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది. బిడ్డ ఏడ్చి, ఊపిరి సరిగా తీసుకుంటుంటే, తుడిచి తల్లి ఛాతీ మీద అడ్డంగా పడుకోబెట్టి కుట్లు వేస్తుండగానే రొమ్ము అందించవచ్చు. పూర్తి మత్తు ఇచ్చినచోట తల్లి తేరుకుని, మాటకు బదులిచ్చే స్థితికి రాగానే మొదలుపెడతారు.

సాధారణంగా జరిగేది వేరు. బిడ్డను గుడ్డలో చుట్టి, థియేటరు బయట ఎదురుచూస్తున్న అమ్మమ్మకో నాయనమ్మకో చూపిస్తారు. తల్లిని వార్డుకు మార్చేసరికి గంటలు గడుస్తాయి. ఈలోపు బిడ్డ ఏడిస్తే ఎవరో ఒకరు డబ్బాపాలు తెప్పిస్తారు. సీసా రుచి, రబ్బరు పీక అలవాటైన బిడ్డ రొమ్ము పట్టడానికి మొరాయిస్తుంది. చప్పరింత తగ్గితే ప్రొలాక్టిన్ తగ్గుతుంది, దాంతో పాలూ తగ్గుతాయి. 2019–21 సర్వే నాటికి రాష్ట్రంలో పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుకున్న పిల్లలు దాదాపు సగం మందే. నూటికి 96 కాన్పులు ఆసుపత్రిలో జరిగే రాష్ట్రంలో ఈ అంకె ఇంత తక్కువ ఉండడానికి సిజేరియన్ల తర్వాత జరిగే జాప్యం ఒక ముఖ్య కారణం.

బిడ్డ నెల తక్కువగా పుట్టి నవజాత శిశు సంరక్షణ కేంద్రంలో ఉంటే, తల్లి మొదటి గంటల నుంచే చేత్తో పాలు పిండాలి. రోజుకు ఎనిమిది సార్లయినా పిండితేనే పాలు నిలబడతాయి. ఆ పాలను ఉగ్గుగిన్నెతోనో గొట్టం ద్వారానో పడతారు. తల్లిపాలు అందని బిడ్డలకు దాతల పాలు ఇచ్చేందుకు హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో ‘ధాత్రి’ తల్లిపాల బ్యాంకు ఏర్పడింది. ఆసియాలో మొట్టమొదటి తల్లిపాల బ్యాంకు 1989లో ముంబైలోని సయన్ ఆసుపత్రిలో మొదలైంది.

నొప్పి, మందులు

మొదటి రోజు తల్లి చేతికి సెలైన్ సూది, మూత్రానికి గొట్టం ఉంటాయి. కాళ్లకు కొన్ని గంటలపాటు స్పర్శ ఉండదు. తనంతట తాను పక్కకు తిరగలేదు. బిడ్డను ఎత్తి అందించే మనిషి ఆ పూట పక్కనే ఉండాలి. తల్లి మగతలో ఉన్నప్పుడు బిడ్డను ఆమె పక్కలో వదిలేసి వెళ్లకూడదు.

నొప్పి మందులు వేసుకుంటే పాలలో కలుస్తాయన్న భయంతో కొందరు బాధను ఓర్చుకుంటారు. నిజానికి ఓర్చుకున్న నొప్పే చేపును ఆపుతుంది. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ పాలలోకి చాలా స్వల్పంగానే వెళతాయి. ఆపరేషన్ తర్వాత మామూలుగా వాడే సెఫలోస్పోరిన్ తరగతి యాంటీబయాటిక్స్‌తో పాలివ్వడం ఆపక్కర్లేదు. కోడీన్, ట్రమడాల్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. శిశువుల్లో ఊపిరి మందగించే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. ఏ మందు రాసినా, బిడ్డకు పాలిస్తున్నానని డాక్టరుకు చెప్పడం మంచిది.

రెండో బిడ్డ సిజేరియన్‌తో పుడితే అదే పూట ట్యూబులు కట్టించుకోవడం రాష్ట్రంలో మామూలే. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కూ పాలకూ సంబంధం లేదు. పాల ఉత్పత్తిని నడిపే హార్మోన్లు మెదడు నుంచి వస్తాయి గానీ ఆ నాళాల నుంచి కాదు.

పాలిచ్చే భంగిమలు

కుట్ల మీద బిడ్డ బరువు పడకపోవడం, బిడ్డ నోరు రొమ్మును నిండుగా పట్టడం ఇక్కడ ప్రధానం. మూడు భంగిమలు ఎక్కువ ఉపయోగపడతాయి.

పక్కకు తిరిగి పడుకుని ఇవ్వడం మొదటి రెండు రోజులకు అనువైనది. తల్లి వీపు వెనక దిండు, మోకాళ్ల మధ్య మరో దిండు పెట్టి, బిడ్డను తనకెదురుగా పొట్టకు పొట్ట ఆనేలా పడుకోబెడతారు. పాలు తాగాక బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి.

చంక కింద పట్టుకోవడం కూర్చోగలిగినప్పటి నుంచి పనికొస్తుంది. పక్కన దిండు వేసి, బిడ్డ కాళ్లు తల్లి వీపు వైపు పోయేలా చంక కింద ఇముడ్చుకుని, అరచేత్తో మెడను ఆనించి రొమ్ముకు తెస్తారు. పొట్ట మీద బరువు అసలు పడదు. కవలలకూ ఇదే వీలు.

వెనక్కి వాలి ఇచ్చే పద్ధతిలో మంచం తల వైపు ఎత్తి, బిడ్డను తల్లి ఛాతీ మీద ఏటవాలుగానో భుజం వైపు నుంచో పడుకోబెడతారు. పొత్తికడుపు మీద దిండు అడ్డం ఉంచుతారు.

ఏ భంగిమలోనైనా బిడ్డ నోరు బాగా తెరిచి, చనుమొనతో పాటు దాని చుట్టూ ఉన్న నల్లటి భాగాన్ని కూడా పట్టాలి. గడ్డం రొమ్ముకు తగలాలి. చనుమొన ఒక్కటే పడితే అది పగిలి నొప్పి పెడుతుంది, పాలూ సరిగా రావు. దగ్గినప్పుడు, లేచినప్పుడు కుట్ల మీద చేయి గానీ చిన్న దిండు గానీ అదిమి పెట్టుకుంటే నొప్పి తగ్గుతుంది. ఎంత త్వరగా లేచి నాలుగడుగులు వేస్తే, కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు అంత తగ్గుతుంది.

పాలు చాలుతున్నాయా

రోజుకు 8 నుంచి 12 సార్లు, రాత్రి వేళ కూడా, అడిగినప్పుడల్లా పాలివ్వాలి. బిడ్డ ఏడుపు ఒక్కటే పాలు చాలలేదనడానికి గుర్తు కాదు. మూత్రం, విరేచనం, బరువు చూసి చెప్పాలి. మొదటి రోజుల నల్లటి జిగట విరేచనం నాలుగైదు రోజులకు పసుపు రంగులోకి మారాలి. ఐదో రోజు నుంచి రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోయాలి.

పుట్టిన బరువులో కొంత తగ్గడం ప్రతి శిశువుకూ సహజం. సిజేరియన్ బిడ్డల్లో ఈ తగ్గుదల కాస్త ఎక్కువ. ఆపరేషన్ సమయంలో తల్లికి ఎక్కించిన సెలైన్ ప్రభావమూ ఇందులో కొంత ఉంటుంది. బరువు 10 శాతం దాటి తగ్గినా, బిడ్డ మగతగా ఉండి తాగడం మానేసినా, కామెర్లు అరికాళ్లదాకా కనిపించినా వెంటనే డాక్టరుకు చూపాలి. అలాంటప్పుడు ముందుగా తల్లి పాలనే పిండి ఉగ్గుగిన్నెతో పడతారు. అవి చాలకపోతేనే దాత పాలో డబ్బాపాలో వైద్య సలహాతో ఇస్తారు. మామూలుగా 10 నుంచి 14 రోజుల్లో బిడ్డ పుట్టిన బరువుకు తిరిగి వస్తుంది.

పత్యం, మామిడిపండు

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ కాబట్టి బాలింత తిండి సాధారణంగా అమ్మమ్మ, పెద్దమ్మల చేతుల్లో ఉంటుంది. పాత బియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, శొంఠి, బీరకాయ, మునగాకు, తెలగపిండి కూర, మాంసాహారుల ఇళ్లలో సొరచేప ఇక్కడి బాలింత భోజనంలో పేరున్నవి. తెలగపిండీ సొరచేపా పాలు పెంచుతాయని నమ్మకం. నేరుగా పాలు పెంచుతాయని రుజువు కాకపోయినా, రెండింటిలోనూ మాంసకృత్తులు సమృద్ధిగా ఉన్నాయి. గాయం మానడానికి అవి కావాలి.

చిక్కంతా మానిపించేవాటితోనే. పప్పు తింటే కుట్లు చీము పడతాయని, నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట వస్తుందని, మామిడిపండు వేడి చేసి బిడ్డకు సెగగడ్డలు లేస్తాయని చెబుతారు. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది, పప్పు వల్ల కాదు. దాహం వేసినా నీళ్లు మానిపిస్తే తల్లి నీరసిస్తుంది, మలబద్ధకం వచ్చి కుట్ల దగ్గర నొప్పి పెరుగుతుంది. ఇక మామిడిపండు విటమిన్ ఏ, సీ ఇచ్చే పండు. కాన్పు నాటికి మధుమేహం లేని బాలింత చిన్నరసమో బంగినపల్లి ముక్కలో తింటే బిడ్డకు హాని లేదు. మధుమేహం ఉంటే డాక్టరు చెప్పిన మోతాదు పాటించాలి. కాల్షియం కార్బైడుతో మగ్గబెట్టిన పండును మాత్రం ఎవరూ తినకూడదు. దేశంలో దాని వాడకంపై నిషేధం ఉంది.

పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు అదనంగా 600 కిలో కేలరీలు, సుమారు 17 గ్రాముల మాంసకృత్తులు అవసరమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 ప్రమాణాలు చెబుతున్నాయి. కాన్పు తర్వాత 180 రోజులు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు, కాల్షియం మాత్రలు వాడాలి. ఆపరేషన్‌లో పోయిన రక్తాన్ని శరీరం తిరిగి పుంజుకోవడానికి ఇవి ముఖ్యం.

వేసవిలో బిడ్డకు నీళ్లు

మే నెల ఎండల్లో గొంతు తడారుతుందని పసిబిడ్డకు నీళ్లు పట్టడం ఈ ప్రాంతంలో పెద్దల అలవాటు. తల్లిపాలలో దాదాపు 87 శాతం నీరే. ఆరు నెలలు నిండేదాకా ఎంతటి ఎండలోనూ బిడ్డకు వేరే నీళ్లు అక్కర్లేదు. నీళ్లు పడితే పొట్ట నిండి బిడ్డ పాలు తక్కువ తాగుతుంది, విరేచనాలు పట్టుకునే ప్రమాదమూ ఉంది. తేనె, గ్రైప్ వాటర్, వసకొమ్ము, ఆముదం కూడా వద్దు. తేనెలో బొట్యులిజం అనే వ్యాధికి కారణమయ్యే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. ఎండకాలంలో ఎక్కువ నీళ్లు కావలసింది తల్లికే. మజ్జిగ, సగ్గుబియ్యం జావ, కొబ్బరి నీళ్లు ఆమెకు మేలు చేస్తాయి.

చెవుల్లో దూది, గది తలుపులు మూయడం, సాంబ్రాణి పొగ చలికాలపు పురుడికి పుట్టిన జాగ్రత్తలు. మేలో అవే పాటిస్తే తల్లీబిడ్డలకు ఉక్కపోత, పొగతో ఊపిరాడక ఇబ్బంది. చెమటకు తడిసే కుట్లను రోజూ సబ్బుతో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టాలి. నడికట్టును కోత మీద బిగించకూడదు.

చిక్కులు, హెచ్చరిక గుర్తులు

మూడో రోజు, నాలుగో రోజు రొమ్ములు బిగుసుకుని రాయిలా గట్టిపడడం మామూలు. తరచూ పాలిచ్చి, కొద్దిగా పిండి, పాలు పట్టాక చల్లటి గుడ్డ వేస్తే తగ్గుతుంది. రొమ్ములో ఒకచోట ఎర్రబడి, జ్వరం వస్తే అది రొమ్ము వాపు. మందు వాడుతూ ఆ రొమ్ముతోనే పాలివ్వడం కొనసాగించాలి. చీముగడ్డ కట్టినా వైద్యం చేయించుకుంటూ పాలు ఆపకుండా ఉండవచ్చు.

కోత దగ్గర ఎర్రదనం, చీము, దుర్వాసన, జ్వరం, గంటకో ప్యాడు తడిసేంత రక్తస్రావం, ఒక కాలిపిక్క వాచి నొప్పి పెట్టడం, ఆయాసం, తీవ్రమైన తలనొప్పి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. తల్లి రోజుల తరబడి ఏడుస్తూ, బిడ్డ మీద మనసు పోవడం లేదంటే అదీ వైద్య సహాయం అవసరమైన స్థితే. ఆపరేషన్‌లో విపరీతంగా రక్తం పోయిన కొద్దిమందిలో పీయూష గ్రంథి దెబ్బతిని పాలు అసలు పడకపోవచ్చు. ఇది అరుదు.

మళ్లీ గర్భం రావడానికి ముందు కనీసం రెండేళ్లు గడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. గర్భాశయంపై కోత ఉన్న తల్లికి ఇది మరీ ముఖ్యం.

సేవలు, చట్టాలు

2011 జూన్‌లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో సిజేరియన్ పూర్తిగా ఉచితం. తల్లికి ఏడు రోజుల వరకు ఉచిత భోజనం, ఇంటికి చేర్చే వాహనం ఇందులో భాగం. రాష్ట్రంలో ఆ వాహనానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ అని పేరు, నంబరు 102. ఆశా కార్యకర్త 42వ రోజు వరకు ఇంటికి వచ్చి బిడ్డ బరువు తూచి, పాలు పట్టే తీరు చూస్తుంది. ఆసుపత్రి కాన్పుకు ఈ సందర్శనలు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఉంటాయి. సిజేరియన్ తల్లి ఆలస్యంగా ఇల్లు చేరుతుంది కాబట్టి ఏడో రోజు నుంచి లెక్క మొదలవుతుంది. 2016 ఆగస్టులో కేంద్రం ‘మా’ పేరిట తల్లిపాల ప్రోత్సాహక కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఆగస్టు 1 నుంచి 7 వరకు ప్రపంచ తల్లిపాల వారోత్సవాలు 1992 నుంచి జరుగుతున్నాయి.

1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల నియంత్రణ చట్టం, 2003 సవరణతో, రెండేళ్లలోపు పిల్లల డబ్బాపాలకూ పాలసీసాలకూ ప్రకటనలు, ఉచిత నమూనాలు, ఆసుపత్రుల్లో ప్రచారం నిషేధించింది. ప్రసూతి ప్రయోజనాల చట్టం 2017 సవరణతో 26 వారాల వేతన సెలవును కల్పించింది; బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పనివేళల్లో పాలిచ్చేందుకు రెండు విరామాలు ఆ చట్టంలో మొదటి నుంచీ ఉన్నవే. మామిడి తోటల్లో రోజుకూలీకి వెళ్లే తల్లికి ఈ సెలవు ఆచరణలో అందదు. తొలి కాన్పుకు ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద 5,000 రూపాయలు, ఆరు నెలలదాకా అంగన్‌వాడీ పోషకాహారం ఆమెకున్న ఆసరా. పనికి వెళ్లక తప్పని తల్లి పాలు పిండి ఇంట్లో ఉంచవచ్చు. 25 డిగ్రీల వద్ద అవి నాలుగు గంటలు నిలుస్తాయి. వేసవిలో పిండిన వెంటనే పట్టడమో ఫ్రిజ్‌లో పెట్టడమో చేయాలి.

పుట్టిన గంటలో మొదలుపెట్టి, ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇచ్చి, తర్వాత ఇంటి తిండితో కలిపి రెండేళ్లు, ఆపైనా కొనసాగించాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు సహజ కాన్పుకూ సిజేరియన్‌కూ ఒకటే.